డాక్టరమ్మ కోసం చిన్నమ్మ పాడిన ఇటలీ పాట

మొన్న శనివారం పొద్దున సుల్తానాబాద్‌లో మా చిన్నమ్మ కన్నుమూసింది. నర్సమ్మగా ఆమెను ఎరగనివాళ్లు ఆ చుట్టుపక్కల లేరు. ఆమెకు ఇటలీ భాషలో విసుక్కోవడం వచ్చని తెలిసినవాళ్లం మాత్రం కొద్దిమందిమే మిగిలాం.

అరవైల మొదట్లో ఆమె నస్పూర్ దగ్గర ఒక మిషన్ దవాఖానలో నర్సు. నేనూ ఆమె దగ్గరే పని నేర్చుకుంటున్నాను. అక్కడి డాక్టరమ్మది ఇటలీ. వాళ్ల చెల్లెలు కొత్త పాటల రికార్డులు పంపేది. చాయ్ వేళ డాక్టరమ్మ, చిన్నమ్మ ఇద్దరూ గ్రామఫోను ముందు కూర్చునేవాళ్లు. ఆఫీసుకు పరుగులు, ఆగకుండా మోగే టెలిఫోను, నిద్రపట్టని పట్నం, ఇవే ఆ పాటల నిండా. డాక్టరమ్మ ఒక్కో మాటకూ అర్థం చెప్పేది. విసుగొస్తే ‘ఉఫ్ఫా’. ఒళ్లు హూనమైతే ‘సోనో ఆ పెట్సి’, అంటే ముక్కలైపోయానని. విసుగు పుట్టించే పనిని ‘కె బార్బా’, ఎంత గడ్డమో, అంటారట.

“రోజూ గీసుకునుడాయె, మొగోళ్లకు విసుగు రాదా మరి!” అని చిన్నమ్మ నవ్వింది.

ఒక వానాకాలం గని కాలనీల్లో, పల్లెల్లో జ్వరాలు ముసిరాయి. ఉన్నది ఒక్క డాక్టరు. రెండు రోజులు కష్టపడ్డా ఒక బాలింతను కాపాడలేకపోవడంతో డాక్టరమ్మ కూలబడింది. తన దేశానికి వెళ్లిపోతానని పెట్టె సర్దుకుని తలుపేసుకుంది. మంచిర్యాల స్టేషనుకు తీసుకుపోవడానికి జీపు కూడా వచ్చింది. ఆమె పోతే దవాఖానకు తాళమే. మేమంతా బతిమాలాం. తలుపు తీయలేదు.

చిన్నమ్మ తలుపు ముందు నిలబడి పాట ఎత్తుకుంది. వరస రికార్డుదే, మాటలు సొంతవి. టెలిఫోనుకు బదులు పదో మంచం ముసలమ్మ పిలుపులు, ఆఫీసు మేనేజరుకు బదులు ఎంతకీ వెలగని స్టవ్వు. ప్రతి చరణం చివర ‘ఉఫ్ఫా!’

లోపల ఏడుపు ఆగింది. తర్వాత నవ్వు వినిపించింది. తలుపు తెరుచుకుంది.

“సోనో ఆ పెట్సి,” అంది డాక్టరమ్మ కళ్లు తుడుచుకుంటూ.

“ముక్కలైతే ఏమాయె, ఏరి కూడబెడ్తం. జర పండుకోండ్రి. లేచినంక గూడ పోతా అంటే మీ పెట్టె నేనే మోస్త.”

ఆ తర్వాత చిన్నమ్మ మాకు ఎప్పుడూ చెప్పేది: “కష్టమైతున్నదని నోరిడిచి చెప్పుండ్రే, సిగ్గేంది?”

ఆ రోజు సాయంత్రం దాకా పడుకుని, ముఖం కడుక్కుని వచ్చి, “తర్వాత ఎవరు?” అని అడిగింది డాక్టరమ్మ. పొద్దున పాట విన్న వార్డులో ఆడవాళ్లంతా ఒక్కసారే “ఉఫ్ఫా!” అని అరిచారు. బయట తడి రోడ్డు మీద, అప్పటిదాకా ఆగిన జీపు ఖాళీగా వెనక్కి పోతోంది.