గోడ అవతలి చెవి

చెవి మేస్త్రి చెవుల గురించి జనం చెప్పుకునే మాటల్లో సగం కోతలే. మూడు వీధుల అవతల ఎవరో మోటారు రంపంతో దుంగ కోస్తుంటే, ఈయన మంచం మీద పడుకునే "దాని ప్లగ్గు మార్చమనండి" అన్నాడని ఒక తోటమాలి ఒట్టేసి మరీ చెబుతాడు. ఆ తోటమాలి ఒట్లకు పెద్ద విలువ లేదనుకోండి. మిగతా సగం మాత్రం నిజం. కొన ఊపిరితో ఉన్న పాత రంపాన్ని తెచ్చి ఆయన చేతిలో పెడితే, కొత్తదానికంటే జోరుగా కోసేలా చేసి ఇచ్చేవాడు. చివరి మరను చెవితో వింటూ బిగించేవాడు. అందుకే ఆ పేరు.

ఆయన షెడ్డు ఇంటి వెనక, వంటింటి గోడకు ఆనుకుని ఉంటుంది. నెత్తిన రేకులు, కింద నూనె తాగి నల్లబడ్డ నేల, గోడ పొడవునా ఒక బల్ల. మరలు పోసుకున్న డబ్బాలన్నీ ఒకప్పుడు వంటింటి డబ్బాలే. ఆయన భార్య ఏదైనా డబ్బా వెతుక్కుంటోందంటే అది గోడ దాటిందని అర్థం. ఆ గోడకు బల్ల ఎత్తున ఒక చిన్న కిటికీ ఉంది. అందులోంచి చూస్తే పొయ్యి, పొయ్యి దగ్గర ఆమె కనిపిస్తారు. ముప్ఫై ఏళ్లలో ఆ కిటికీ మంచినీళ్ల గ్లాసులకూ దెబ్బలాటలకూ తప్ప ఎందుకూ పనికిరాలేదు.

పని మొదలుపెట్టాడంటే ఆయనకు లోకం పట్టదు. తుక్కు కొట్టులో దొరికిన రంపాన్ని ముందు నట్టూ బోల్టూ విడదీసి, పొట్టూ నూనే కలిసి గట్టిపడ్డ మట్టంతా గీకేవాడు. సిలిండరు ఊడదీసి, కాలిన పొగ బయటికి పోయే దారిని సన్న ఆకురాయితో వెంట్రుకవాసి వెడల్పు చేసేవాడు. సిలిండరు కింద ఉండే గాస్కెట్ అట్ట తీసేసి పలచనిది వేసేవాడు. అలా వేస్తే పిస్టను పైకొచ్చి సిలిండరు పైకప్పుకు కొట్టుకోవచ్చు. అందుకని ప్లగ్గు రంధ్రంలోంచి మెత్తటి సీసం తీగ దూర్చి, ఇంజన్ని చేత్తో ఒక చుట్టు తిప్పి, నలిగిన తీగ మందం కొలుచుకునేవాడు. ఆఖరున సైలెన్సరుకు ఇంకో కన్నం కోసేవాడు. "ముక్కు మూసి పరుగెత్తమంటే ఎవడు పరుగెత్తుతాడయ్యా?" అనేవాడు, ప్రతిసారీ కొత్తగా చెబుతున్నట్టే.

ఇంతవరకూ చేయి తిరిగినవాడెవడైనా చేస్తాడు. అసలు సంగతి ఆ తర్వాత ఉంది. ఊపిరి దారులు పెంచిన రంపం గాలి ఎక్కువ పీలుస్తుంది, దానికి తగ్గట్టు పెట్రోలూ ఎక్కువ పోవాలి. కార్బురేటరు పక్కనున్న చిన్న మరను తిప్పి అది కుదర్చాలి. పెట్రోలు తక్కువైతే రంపం కీచుమని అరుస్తుంది. కొనేవాడు ఆ అరుపు విని ఎంత బలమో అని మురిసిపోతాడు, లోపల పిస్టను మాడిపోతుంటుంది. కుదిరిన రంపం అలా కాదు. పైకెత్తి పట్టుకుని పూర్తిగా రేజ్ చేస్తే, ఆ అరుపు అడుగున నీళ్లు పుక్కిలించినట్టు సన్నగా గరగరమంటుంది. దుంగలోకి దిగగానే గరగర పోయి గొంతు సాఫవుతుంది. "మొరిగే కుక్క కరవదు, కీచుమనే రంపం కోయదు" అని ఆయన సిద్ధాంతం. చుట్లు లెక్కపెట్టే మీటరు ఒకటి కొన్నాడు గానీ, కంపెనీవాళ్లు రాసిన లెక్క కంపెనీ రంపానికే. ఇలా కోసి, గీసి మార్చినదానికి ఆ లెక్క చెల్లదు. మీటరు కూడా ఒక డబ్బాలోకి పోయింది.

చప్పుడు చెవుల్లోకి పోకుండా పెట్టుకునే పెద్ద డిప్పలు కూడా షెడ్డులో ఉన్నాయి. వేరే ఊళ్లో నర్సుగా చేస్తున్న కూతురు వాటిని కొని పంపింది. అవి వచ్చిన రోజు నుంచీ మేకుకే వేలాడుతున్నాయి. కూతురు ఫోన్ చేసి అడిగినప్పుడల్లా ఆయనది ఒకటే జవాబు: "అవి పెట్టుకుంటే వినేదెవరమ్మా?"

ఇక ఆయన సంసారంలో ఒక వింత ఉంది. రంపం కుదిర్చి, దుంగ మీద రెండు కోతలు కోసి చూసుకుని, చేతులకు రంపపుపొట్టు రుద్ది జిడ్డు కడుక్కుని లోపలికి వెళ్లేసరికి, భోజనం అప్పుడే పొయ్యి మీంచి దిగుతూ ఉండేది. ఒంటిగంటకు వెళ్లినా అంతే, మూడింటికి వెళ్లినా అంతే. "నా ఆకలికీ నీ పొయ్యికీ భలే పొంతన కుదిరిందే" అని ఆయన మురిసిపోయేవాడు. ఆమె నవ్వి వడ్డించేది. ఈ మధ్య ఏడాదిగా ఆ పొంతన చెడింది. ఈయన వెళ్లి కూర్చునేసరికి పొయ్యి వెలిగి కూడా ఉండటం లేదు. "నీకు బద్ధకం ఎక్కువైందే" అని సణిగేవాడు. ఆమె అప్పుడే అగ్గిపెట్టె తీసుకునేది.

ఒక గురువారం పొద్దున్నే బావమరిది వచ్చాడు. ఆమె తమ్ముడే. పెద్ద పెద్ద చెట్లెక్కి, తాడుతో నడుం కట్టుకుని కొమ్మలు కోయడం అతని పని. రెండు నెలల కిందట బావ స్వయంగా బాగుచేసి ఇచ్చిన రంపాన్ని గోనెసంచిలో తెచ్చి బల్ల మీద పెట్టాడు.

"పట్టేసింది బావా" అన్నాడు. "పైన ఉండగానే. కొమ్మ సగం తెగింది, ఇది ఆగింది. మిగతా సగం చేతిరంపంతో కోసుకుని దిగేసరికి మధ్యాహ్నమైంది. కింద జనానికి మాత్రం మంచి కాలక్షేపం."

నవ్వుతూనే చెప్పాడు. సగం తెగిన కొమ్మ ఎటు తిరుగుతుందో ఎవరికీ తెలియదని ఇద్దరికీ తెలుసు.

"పెట్రోల్లో ఆయిలు సరిగ్గా కలిపావా?" మేస్త్రి గొంతు లేచింది.

బావమరిది గోనెసంచి మడతపెట్టాడు. "తక్కువ కలిపానేమోలే. తొందరలో చూసుకోలేదు."

అంతే, మేస్త్రి అందుకున్నాడు. ఇన్నేళ్లొచ్చినా ఆయిలు కలపడం రాదా అన్నాడు, రంపమంటే పిల్లల పీపీ అనుకున్నావురా అన్నాడు, నా చేతి పనికి చెడ్డపేరు తెస్తున్నావన్నాడు. బావమరిది తల వంచుకుని అన్నీ విన్నాడు. వెళ్లేముందు మాత్రం అన్నాడు: "ఆదివారం బడి మీదికి వాలిన చెట్టు కొట్టాలి బావా. పిల్లలుండరని ఆ రోజు పెట్టారు. అప్పటికి చేసిపెట్టు."

"ఇంకెవరిదైనా అడిగి తీసుకుపోరాదూ?"

"నీ రంపం లేకుండా నేను చెట్టెక్కను" అని వెళ్లిపోయాడు.

మేస్త్రి రంపం విప్పాడు. పిస్టను ఒక పక్కంతా గీరుకుపోయి ఉంది. ప్లగ్గు తీసి చూస్తే సుద్దముక్కలా తెల్లగా ఉంది. పెట్రోలు చాలక మాడిన ప్లగ్గే అలా తెల్లబడుతుంది. ట్యాంకులో మిగిలిన పెట్రోలును పాత పేపరు మీద రెండు చుక్కలు వేసి ఆరనిచ్చాడు. పెట్రోలు ఎగిరిపోయాక నూనె మరక ఉండాల్సినంత చిక్కగా, ఉండాల్సినంత వెడల్పుగా నిలిచింది. ఆయిలు సరిగ్గానే కలిపాడు. తక్కువైంది పెట్రోలు. దాన్ని కుదిర్చింది తన చెయ్యి.

అంటే బావమరిది అబద్ధమాడాడు. చెట్టు మీద ప్రాణం అరచేతిలో పెట్టుకుని దిగివచ్చి, తప్పు తన నెత్తిన వేసుకుని, పైగా తిట్లు తిని వెళ్లాడు. ఈ ఏడాది ఇలా పట్టేసిన రంపం ఇది మూడోది. ముందు రెండింటికీ కొన్నవాళ్లనే తిట్టాడు. ఆడలేక మద్దెల ఓడు అన్నట్టు అయింది తన సంగతి. మేస్త్రి ముక్కాలిపీట మీద కూలబడ్డాడు.

కాసేపటికి లేచి, నిక్షేపంలా ఉన్న ఇంకో రంపాన్ని స్టార్ట్ చేశాడు. రేజ్ చేసి, మరను కొద్దికొద్దిగా వదులు చేసి పెట్రోలు పెంచుతూ విన్నాడు. అరుపు వినపడుతోంది. దాని అడుగున ఉండాల్సిన గరగర లేదు. ఇంకా వదులు చేశాడు. చివరికి రంపం తెల్లటి పొగ కక్కి, దగ్గి, ఆగిపోయింది. గరగర వచ్చే ఉంటుంది, దాటిపోయే ఉంటుంది. తనకే వినపడలేదు. ఈ మధ్య కీచు తగ్గగానే కుదిరిందనుకుని ఆపేస్తున్నాడన్నమాట.

మధ్యాహ్నం దాకా ఆయన మళ్లీ పీట మీదే కూర్చున్నాడు. ఏ పేరు మీద ఇన్నాళ్లు బతికాడో ఆ పేరే ఉత్తదైంది. అదొక్కటే అయితే ఎలాగో దిగమింగేవాడు. ఆదివారం వాడు చెట్టెక్కుతాడు. తన రంపం పట్టుకునే ఎక్కుతాడు.

చప్పుడు లేకపోయేసరికి భార్యే షెడ్డులోకి వచ్చింది. బల్ల మీద గీరుకుపోయిన పిస్టను, పేపరు మీద నూనె మరక, పీట మీద మొగుడు. ఆయన జరిగినదంతా చెప్పాడు. చెప్పి, "నా చెవులు పోయాయే" అన్నాడు.

ఆమె కొంగుతో చేతులు తుడుచుకుంటూ అక్కడే చెక్కపెట్టె మీద కూర్చుంది.

"తెలుసు" అంది.

"నీకెలా తెలుసు?"

"రంపం కుదిరితే గరగరమంటుందిగా. అది వినపడగానే నేను పొయ్యి వెలిగిస్తాను. మీరు దుంగ మీద కోసి చూసుకుని, చేతులు కడుక్కుని వచ్చేసరికి ఉడుకుతుంది. పెళ్లయిన కొత్తలోనే పట్టుకున్నాను ఆ కిటుకు. లేకపోతే మీ వేళాపాళా లేని తిండికి నేను ఎన్నిసార్లు వేడిచేసి చావను?" ఆమె బల్ల మీది పిస్టను వంక చూసింది. "ఏడాదిగా ఆ గరగర రాకుండానే మీరు ఆపేస్తున్నారు. నేను పొయ్యి వెలిగించకముందే వచ్చి కూర్చుంటున్నారు."

ముప్ఫై ఏళ్లుగా మేస్త్రి తన ఆకలి గొప్ప అనుకున్నది ఇదా!

"మరి చెప్పలేదేం?"

"మీ చెవుల సంగతి మీకు నేను చెప్పడమా? ఏదో కొత్త పద్ధతి పట్టారేమో అనుకున్నాను మొదట. తర్వాత చెప్పాలంటే భయమేసింది, మీరు చిన్నబుచ్చుకుంటారని. అది నా తమ్ముడి ప్రాణం మీదికి వస్తుందని తెలిస్తే ఆ రోజే చెప్పేదాన్నిగా." ఆమె కళ్లల్లో నీళ్లు తిరిగాయి. మేస్త్రి ఆమె చెయ్యి పట్టుకున్నాడు. గ్రీజు అంటుకుంటుందని కూడా చూసుకోలేదు, ఆమె కూడా చెయ్యి లాక్కోలేదు.

శుక్రవారం, శనివారం పొద్దున కూర్చుని కొత్త పిస్టను వేశాడు, సిలిండరు రుద్ది నునుపు చేశాడు, సీసం తీగ రెండుసార్లు నలిపి కొలిచాడు. శనివారం మధ్యాహ్నానికి రంపం తయారైంది. బావమరిదిని కూడా పిలిపించాడు. వాడు రాగానే, "ఆయిలు సరిగ్గానే కలిపావురా" అన్నాడు. బావమరిది నేల చూపులు చూస్తూ, "పోనీలే బావా" అన్నాడు. "నోరు పారేసుకున్నాను. మనసులో పెట్టుకోకు" అన్నాడు మేస్త్రి. ఆయన నోటివెంట అలాంటి మాట అంతకుముందు ఎవరూ విన్నట్టు లేరు.

ఆమెను పక్కన నిలబెట్టుకుని రంపం స్టార్ట్ చేశాడు. ఆమె చెవులు మూసుకుంది. మర ఇటు తిప్పాడు, అటు తిప్పాడు. ఆమె తల అడ్డంగా ఊపి ఆపమంది.

"ఇక్కడ నాకేం తెలియడం లేదండీ. ఒకటే రొద. నాకు గోడ అవతల నుంచే తెలుస్తుంది."

"అవతల నుంచి నువ్వు అరిచి చెప్పినా నాకు వినపడదే!"

"అరవడమెందుకు? నేను రోజూ చేసేదేగా, అదే చేస్తాను. మీరు కిటికీలోకి చూస్తూ ఉండండి."

రెండడుగులు వేసి, మళ్లీ వెనక్కి వచ్చింది. మేకుకున్న డిప్పలు తీసి, దుమ్ము ఊది, కొంగుతో తుడిచి, ఆయన తలకు తొడిగింది. తొడుగుతూ ఏదో అంది. ఆయనకు వినపడలేదు. ఒక చెవి మీది డిప్ప ఎత్తి, "ఏమన్నావ్?" అన్నాడు.

"వినేదెవరు అంటారుగా ఎప్పుడూ. నేను వింటాను అన్నాను."

ఆయన జీవితంలో మొదటిసారి రంపం చప్పుడు లేకుండా తిరిగింది. చేతుల్లో అదురు మాత్రం తెలుస్తోంది. బావమరిది రంపాన్ని గట్టిగా పట్టుకుని రేజ్ చేస్తున్నాడు. మేస్త్రి స్క్రూడ్రైవరు మర మీద పెట్టి, కళ్లు కిటికీలో పెట్టాడు. పొయ్యి ముందు ఆమె నిలబడి ఉంది. ఒక చేతిలో అగ్గిపెట్టె, ఒక చేతిలో పుల్ల. తల కొద్దిగా పక్కకు వంచింది. ముప్ఫై ఏళ్లు ఆమె ఇలా నిలబడి తన పని విన్నదన్నమాట. ఆయన ఒక్కసారీ తలెత్తి చూడలేదు.

నూలుపోగంత తిప్పాడు. ఆమె కదల్లేదు. ఇంకాస్త. ఆమె పుల్ల పెట్టె దాకా తెచ్చి ఆపింది. ఆయన చెయ్యి కూడా ఆగింది. మళ్లీ పిసరంత తిప్పాడు.

ఆమె పుల్ల గీసింది.

మేస్త్రి స్క్రూడ్రైవరు తీసేశాడు. బావమరిది రంపాన్ని దుంగ మీదికి దించాడు. పొట్టు పొడిలా రాలకుండా పెద్ద పెద్ద పలుకులుగా వచ్చి పాదాల మీద పడింది. కోసినంతసేపూ వాడు బావ మొహం వంక చూసి తల ఊపుతూనే ఉన్నాడు. రంపం ఆపాక వాడు ఏదో అన్నాడు, మేస్త్రి వినిపించుకోలేదు. డిప్పలు అలాగే పెట్టుకుని, కిటికీలోంచి పొయ్యి మీది మంటను చూస్తూ నిలబడ్డాడు.

తర్వాత చేతులకు పొట్టు రుద్ది, జిడ్డు వదిలించుకుని, బావమరిదిని వెంటబెట్టుకుని లోపలికి వెళ్లాడు. భోజనం అప్పుడే పొయ్యి మీంచి దిగుతోంది.