ఎంగిలి గాలి

"...ఇంకొక్కసారి కిటికీ తెరిచావంటే ఊరుకోను నాన్నా! నీ గాలి అమ్మని మింగింది చాలదా?"

మామయ్య కూతురు, మా వదిన గొంతు వీధిలోకి వినబడుతోంది. మామయ్య బతికున్న చివరి శీతాకాలం అది. కాలేజీ మానేసి ఊరిమీద పడి తిరిగే నాకు వాళ్ల అరుగే అడ్డా.

"ఇది ఎంగిలి గాలమ్మా. పొద్దుటినుంచి పీల్చిందే పీలుస్తున్నాం."

"నీ ఇంజనీరింగు ఇంట్లో వద్దు!"

కిటికీ దభాలున మూసుకుంది.

మా కొండ ఊళ్లో చలికి గదికో పొయ్యి పెట్టుకుని అందరూ పొగకి దగ్గే రోజుల్లో, రేకు గొట్టాల్లో వెచ్చని గాలి పంపిస్తానన్న మొదటి మనిషి ఆయన. కాంట్రాక్టర్లు పగలబడి నవ్వారట. "గాలికి కూడా ఇంజనీరా? రేపు వెలుతురుకి మేస్త్రీని పెడదామా?" అని. ఆయన జేబులో కుట్టుదారం ముక్క ఉండేది. గొట్టం నోటి దగ్గర పట్టుకుంటే అది ఊగాలి. ఊగలేదా, మొత్తం విప్పి మళ్లీ మొదలు.

ఊపిరితిత్తుల ఆస్పత్రికి పని చేసినప్పుడు గదులు వెచ్చగా ఉండేట్టు చూశాడు. బయటి గాలి రావడానికి గోడల్లో రేకు తలుపులు పెట్టాడు. కానీ ఆ గాలిని వేడి చేయకుండానే లోపలికి వదిలాడు. చలికాలం అది సూదుల్లా మంచాల మీద పడింది. అత్తయ్య ఆ వార్డులో నర్సు. రోగులు వణుకుతుంటే చూడలేక తలుపులన్నీ తనే మూసేసింది. వార్డు వెచ్చబడింది, గాలి కుళ్లింది. జబ్బు ఆవిడకీ అంటుకుంది. ఎండలు ముదరకముందే పోయింది.

ఆ తర్వాత మామయ్య ఎక్కడ కట్టినా బయటి గాలి ముందు వేడి గొట్టాల మీదుగా వెళ్లి, గోరువెచ్చగా లోపలికొచ్చేది. ఇప్పుడందరూ అలాగే కడుతున్నారు. వదినకి మాత్రం తెలిసింది ఒక్కటే: నాన్న పెట్టిన ఏర్పాటు పనిచేయక అమ్మ పోయింది.

తలుపులు మూసిన సంగతి నాకు ఆ వార్డు ఆయా చెప్పింది. ఆ రోజు కిటికీ గొడవ సద్దుమణిగాక మామయ్యని నిలదీశాను.

"అత్తయ్యే మూసిందని చెప్పి పారేయొచ్చుగా? ఎన్నాళ్లు మాటలు పడతావ్?"

ఆయన దగ్గి దగ్గి, గోడకి జారబడ్డాడు.

"నామీద కోపంతో అది నిలబడగలదురా. తల్లి మీద కోపమొస్తే దేన్ని పట్టుకుంటుంది?"

"నువ్వు చెప్పకపోతే నేను చెప్తా."

"నీ నోరు ఆగదని తెలుసులే. నేను పోయాక చెప్పు. కానీ ముందు నేను పంపిన గాలి చల్లగా ఉండేదని చెప్పు. మీ అత్త మూసిన సంగతి ఆ తర్వాతే చెప్పరా."