నల్ల గీత ఎవరి మెడది?

నా చిన్నప్పుడు మా ఇంట్లో అందరూ ఒక మెడను అనుమానంగా చూసేవారు. అది మా చిన్నమ్మ మెడ.

మాది బోధన్ పక్క పల్లె. నిజాంసాగర్ కాలువ కింద చెరకు పండించేవాళ్ళం. చిన్నమ్మ నవీపేట్ నుంచి మా ఇంటికి కోడలిగా వచ్చినప్పుడు మా తాత ఆమె మెడలో లావుపాటి బంగారు గొలుసు వేయించాడు. పెళ్ళికొచ్చిన వాళ్ళంతా ఆ గొలుసు లావు గురించే చెప్పుకున్నారు. నెల తిరిగేసరికి గొలుసు ఆనిన చోటల్లా చిన్నమ్మ మెడ చుట్టూ నల్లటి గీత పడింది. తోమితే పోయేది, మళ్ళీ పడేది.

గొలుసును ఎవరూ అనుమానించలేదు. ఆమెకు బంగారం పడదు అన్నారు. మామూలుగా పడదు అనేది చిన్న మాటే. ఒకరికి వంకాయ పడదు, ఒకరికి పెరుగు పడదు. కానీ ఆడదానికి బంగారం పడదంటే ఆ మాట వంకాయ దగ్గర ఆగదు. ఒంట్లో దోషం అంటారు, తర్వాత ఇంటికే కీడు అంటారు. పక్కింటి పెద్దమ్మ గోడ మీద మోచేతులు ఆనించి మా నాయనమ్మతో, "పసుపు రాసుకుంటలేదేమో సూడు వదినె. బంగారమే నల్లవడుతున్నదంటే ఆ పిల్ల ఒంట్లె ఏమున్నదో ఏమో" అని వెళ్ళింది. బెల్లం వంట పని ముగిశాక చిన్నమ్మను తల్లిగారింటికి పంపాలని, దోషం ఏమిటో తేలాకే తిరిగి రావాలని తాత తీర్మానించాడు. ఆమె మొగుడు, మా చిన్నాయన, కొడవలి పట్టుకుని చెరకు తోటకు వెళ్ళిపోయాడు. అలా పంపిన వాళ్ళు తిరిగి రావడం మా వైపు ఎవరూ చూడలేదు. ఆ సంగతి చిన్నమ్మకూ తెలుసు.

మా నాయనమ్మను మేము అవ్వ అనేవాళ్ళం. ఆమెకు అనుమానం పుట్టుకతో వచ్చిన గుణం. పాలలో వేలు ముంచి చూడనిదే గిన్నెలో పోయించుకునేది కాదు. ప్రసాదాన్ని కూడా వాసన చూసి గాని నోట్లో వేసుకోదు. ఆమె మొదట చిన్నమ్మ పక్షాన నిలబడిందని చెబితే అది అబద్ధం. మొదట చిన్నమ్మనే అనుమానించింది. కాటుక పూసుకుంటోందేమోనని పెట్టె వెతికింది. తన కళ్ళ ముందే మెడ తోమించింది. ఏమీ దొరకలేదు. దొరకనప్పుడు మొండికేయకుండా ఆ అనుమానాన్నే గొలుసు వైపు తిప్పింది. నేను ఈనాటికీ దండం పెట్టేది ఆ తిప్పడానికే.

ఒక మధ్యాహ్నం కడుగుతానని చెప్పి గొలుసు తీయించింది. గోరువెచ్చని నీళ్ళలో కుంకుడు రసం కలిపి, నానబెట్టి, మెత్తటి పాత నూలుగుడ్డతో తుడిచింది. బూడిదతో రుద్దితే గీతలు పడతాయనీ, వెండితో కలిపి ఒకే మూటలో కట్టకూడదనీ చెబుతూనే ఆ లావు గొలుసు తన మెడలో వేసుకుంది. తల్లిగారు పెట్టిన తన సన్నటి పాత గొలుసు తీసి చిన్నమ్మ మెడలో వేసింది.

"కొంగు కప్పుకో. నోరు గూడ కప్పుకో," అంది.

మరుసటి రోజు నుంచి అవ్వ బెల్లం పొయ్యి దగ్గర కూర్చుని చెరకు పిప్పి ఎగదోయడం మొదలుపెట్టింది. ఎప్పుడో మానేసిన పని అది. ముసలిదానికి మతి పోయిందని తాత నవ్వాడు. ఎందుకవ్వా అని నేనడిగితే, "పనిజేసే పిల్ల చెమట వేరు, నీడకు కూసున్న ముసల్దాని చెమట వేరు. నేను గూడ గంత చెమటోడ్సకుంటే తెలుస్తదా పోరి?" అంది. న్యాయంగా పరీక్ష చేయడమంటే ఏమిటో నాకు ఏ బడీ అంతకంటే బాగా చెప్పలేదు.

కొన్నాళ్ళకు ఒక పొద్దున నేను అవ్వ తల దువ్వుతుంటే ఆమె మెడ మీద ఆ నల్ల గీత కనిపించింది. నేను అరవబోయాను. నా మణికట్టు నొక్కి పట్టుకుంది.

ఆ మధ్యాహ్నం అందరూ అన్నాలకు కూర్చున్నాక కొంగు జార్చి మెడ చూపించింది.

"సూడుండ్రి, నాకు గూడ బంగారం పడ్తలేదు. నన్ను గూడ మా తల్లిగారింటికి తోలుండ్రి."

అవ్వ తల్లిగారింట్లో అప్పటికి ఎవరూ బతికి లేరు. చిన్నమ్మను పిలిచి ఆమె మెడ కూడా చూపించింది. ఆమె మెడ శుభ్రంగా ఉంది. గొలుసు చేసిన ఔసులాయన మోసం చేశాడని తాత గట్టిగా అన్నాడు. "పా మరి, ఆయన తాననే అడుగుదాం" అని అవ్వ లేచింది. తాత లేవలేదు. అన్నం కలుపుతూ, కలుపుతూ, చివరికి చెప్పాడు.

"లావు గనవడాలె గదా. రాగి జర ఎక్కువ కలుపుమన్న. నలుగుట్ల ఇజ్జత్ ఉండొద్దా?"

"నీ ఇజ్జత్ మసి పిల్ల మెడకు అంటింది," అంది అవ్వ.

తాత ఒప్పుకున్నా అవ్వ నమ్మలేదు. తమను ఎరగని దుకాణం కావాలని నిజామాబాద్ వెళ్ళింది. గీటురాయి మీద రెండు గొలుసులనూ పక్కపక్కనే గీసి ఆమ్లపు చుక్క వేశారు. అవ్వ గొలుసు గీత నిలిచింది. తాత గొలుసు గీత కరిగి వెలిసిపోయింది. చిన్నమ్మ మా ఇంట్లోనే ఉండిపోయింది, ఆ సన్నటి గొలుసుతో. రాగి గొలుసును కరిగిద్దామని తాత ఎంత బతిమాలినా అవ్వ ఇవ్వలేదు. పోయేదాకా మెడలోనే ఉంచుకుంది. గీత పడినప్పుడల్లా తాత కళ్ళ ముందే తుడుచుకునేది.

నల్లబడేది దోషం వల్ల కాదు, బంగారంలో కలిపిన రాగి లాంటి లోహం చెమట తగిలి నల్లగా మారి ఒంటికి అంటడం వల్ల. అయస్కాంతానికి అతుక్కోకపోతే బంగారమేనని నేటికీ చెప్పే పెద్దమనుషులున్నారు. రాగీ అతుక్కోదు, ఇత్తడీ అతుక్కోదు! ఇప్పుడు నగ మీద హాల్‌మార్క్ ముద్ర, సంఖ్య ఉంటాయి. ఫోనులో సరిచూసుకోవచ్చు. అయినా మొన్న మా మనవరాలు కొన్న ఉంగరం కింద వేలు నల్లబడితే దుకాణానికి వెళ్ళి అడిగాం. ముద్ర లేని ఆ ఉంగరం అమ్మినాయన తడుముకోకుండా అన్నాడు, "మేడం బాడీకి వేడి ఎక్కువ, పడుతలేదు."

ఉంగరం తీసి ఆయన ముందు పెట్టాను. ఒక వారం నువ్వు పెట్టుకో నాయనా, తర్వాత వేడి సంగతి మాట్లాడుకుందాం అన్నాను. ఆయన చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

ఫలానా మనిషికి ఫలానాది పడదని ఎవరు చెప్పినా, ముందు ఆ గొలుసును చెప్పినవాళ్ళ మెడలో వేసి చూడాలనిపిస్తుంది నాకు. అవ్వ నాకు ఇచ్చిపోయిన బంగారం అదే.