గుమ్మం సీను దాకా

మొన్న ఆదివారం చాలాకాలానికి కుంకుడుకాయలు కొట్టి వేణ్ణీళ్ళలో నానేశాను. ఆ ఘాటు ముక్కుకి తగిలితే అందరికీ తలంటు గుర్తొస్తుందేమో, నాకు మాత్రం సినిమా గుర్తొస్తుంది. తెల్లారకముందే గిలకలదిండి రేవులో వేలంపాటకి వెళ్ళి, తట్టనిండా చేపలెత్తుకుని బందరు వీధులన్నీ తిరిగే మా అమ్మకి, తీరిగ్గా తల రుద్దుకునే రోజంటే సినిమాకెళ్ళే రోజే. ఆ రోజున ఒకటికి రెండుసార్లు కుంకుడురసం పోసుకుని, సాంబ్రాణి పట్టించుకుని, పెట్టె అడుగునున్న చీర తీసి కట్టేది. హాల్లో పక్కవాళ్ళు ముక్కు మూసుకుని అవతలికి జరిగితే ఆవిడకి తల కొట్టేసినట్టుండేది.

నాన్న వేటకెళ్ళి సముద్రం మీంచి తిరిగి రాలేదు. నాకాయన మొహం కూడా గుర్తులేదు. గాలివాన పట్టి పడవలు కదలని రోజుల్లో అమ్మా, పక్కింటి నాగరత్నమత్తా, నేనూ మ్యాట్నీకి వెళ్ళేవాళ్ళం. రేకుల మీద వాన మోత, తడిసిన చీరల ఆవిరి, ఆడవాళ్ళకి వేరుగా కట్టిన పిట్టగోడ, దాని అవతలనించి వచ్చే బీడీల పొగ, కొంగులో కట్టి తెచ్చుకున్న వేపుడు శనక్కాయలు, ముగ్గురం వంతులేసుకుని తాగే ఒకే ఒక్క గోళీసోడా, ఇవన్నీ ఉంటే తెరమీద ఏ బొమ్మయినా మాకు బాగానే ఉండేది.

అలాంటి ముసురులోనే ఆ సినిమా వచ్చింది. మొగుడు పోయిన తల్లి ఊరివాళ్ళ వడ్లు దంచి, పిండి విసిరి, తను గంజి తాగి కొడుకుని చదివిస్తుంది. వాడు పెద్ద పరీక్ష పాసై, ఉద్యోగం తెచ్చుకుని ఇంటికొస్తాడు. ఆవిడ గుమ్మంలో నిలబడి నవ్వుతుంది, ఆ నవ్వుతోనే కొడుకు చేతుల్లో ప్రాణం వదిలేస్తుంది. హాలంతా ముక్కులు చీదుకుంటుంటే, నాగరత్నమత్త తెర వదిలేసి మా అమ్మని చూసి ఏడవడం మొదలెట్టింది.

"నేనింకా పోలేదొదినా, అటు చూడు" అంది అమ్మ, ఒళ్ళు మండి.

నా బుర్రకి మాత్రం ఒకటే ఎక్కింది. పిల్లలు పాసైతే అమ్మలు పోతారు. నాకున్నది అమ్మ ఒక్కతే. అందుకని ఆ వారం బళ్ళో పెట్టిన పరీక్షల్లో లెక్కలన్నీ వచ్చి కూడా తెల్లకాయితం ఇచ్చేసి, పెద్ద గండం గట్టెక్కించినట్టు చెంగుచెంగున ఇంటికొచ్చాను. మా మేష్టారు చేపలు బేరమాడే వంకతో అమ్మని ఆపి సంగతి చెప్పేశారు. అమ్మ నిలదీస్తే ఏడుస్తూ ఉన్నదున్నట్టు చెప్పాను. కొడుతుందనుకున్నాను, కొట్టలేదు. నవ్వనూ లేదు.

మర్నాడు బాగా ఎండకాసింది, రేవులో చేప విరగబడింది. అమ్మ బేరం సగంలో వదిలేసి, ఖాళీ తట్ట చంకన పెట్టుకుని, పొలుసులంటిన చీరతోనే నన్ను మళ్ళీ అదే సినిమా మ్యాట్నీకి లాక్కెళ్ళింది. చుట్టుపక్కలవాళ్ళు ముక్కు మూసుకుని జరిగారు. అమ్మ వాళ్ళవంక కన్నెత్తి కూడా చూడలేదు. కొడుకు ఇంటికొచ్చాడు. తల్లి గుమ్మంలోకొచ్చి నవ్వింది. అంతే, అమ్మ నా చెయ్యి పట్టుకుని లేచింది.

"చూశావుగా, బతికే ఉంది. ఎల్దాం పద, బువ్వొండుకోవాలి."

ఆ తర్వాత ఏ పరీక్షా తప్పలేదు. గుడివాడలో టీచరు ఉద్యోగం వచ్చిన రోజున మాత్రం ఇంటికొస్తుంటే దారంతా ఆ గుమ్మం సీనే కళ్ళముందు ఆడింది. అమ్మ గుమ్మంలోనే నిలబడి ఉంది, పైగా నవ్వుతోంది. నేను కొయ్యబారిపోయాను.

"అట్టా చూస్తావేంటే, కాళ్ళు కడుక్కునిరా, పులుసు చల్లారిపోద్ది" అంది.

ఆ తర్వాత ఎన్నో ఏళ్ళు నా దగ్గరే ఉండి, మనవల పెళ్ళిళ్ళు చూసి, నిరుడు పోయింది. ఆ హాలు ఎప్పుడో పడగొట్టారు, దాని జాగాలో ఇప్పుడు సెల్‌ఫోన్ల కొట్లున్నాయి. నాగరత్నమత్త లేదు, పిట్టగోడ లేదు, ఒక సోడాని ముగ్గురు తాగేవాళ్ళూ లేరు.

మొన్న తలంటుకుని జుట్టు ఆరబెట్టుకుంటుంటే టీవీలో అదే సినిమా. వడ్లు దంచడం, గంజి తాగడం అన్నీ చూశాను. కొడుకొచ్చాడు. ఆవిడ గుమ్మంలోకొచ్చి నవ్వింది. టీవీ ఆపేసి, అన్నం వండటానికి లేచాను.