సిరిసిల్లకు దక్కని డాక్టరమ్మ

మొన్న జగిత్యాల బస్టాండులో మనవరాలి కోసం ఒక మాసపత్రిక కొన్నాను. ప్లాస్టిక్ తొడుగు చింపగానే నున్నటి కాగితం వాసన, పచ్చి సిరా వాసన కలిసి ముక్కుకు తగిలాయి. పిల్ల పత్రిక లాక్కుని పోయింది. నేను మాత్రం ఆ తొడుగు చేతిలో పట్టుకుని బల్ల మీద అట్లాగే కూర్చుండిపోయాను. డాక్టర్ వసుంధరకు నెలనెలా మనోవైద్యుల సంఘం పత్రిక ఇలాంటి తొడుగులోనే వచ్చేది. మధ్యాహ్నం రోగులు తగ్గాక దాన్ని చింపి, చాయ్ తాగుతూ, అందులో ఏముందో నాకు తెలుగులో చెప్పేది. ఎక్కడ సభ జరుగుతోంది, ఏ కాలేజీలో ఖాళీ ఉంది, ఎవరికి పై చదువు సీటు వచ్చింది. నాకెందుకమ్మా అవన్నీ అంటే, "నాకు చెప్పుకోవడానికి ఇంకెవరున్నారు మల్లవ్వా" అనేది.

ఆమెది తెనాలి వైపు. భర్త ఉద్యోగం కోసం జగిత్యాల వచ్చి, ఆయన చనిపోయిన తరువాత కూడా ఇక్కడే ఉండిపోయింది. నాది రాయికల్. బీడీలు చుట్టీ చుట్టీ దగ్గు పట్టుకుంటే ఆ పని వదిలేసి ఆమె క్లినిక్‌లో ఊడ్చే పనికి చేరాను. వచ్చినవాళ్ళను ఒకరి తరువాత ఒకరిని లోపలికి పంపడమూ నా పనే. క్లినిక్ ముందు బోర్డు ఉండేది కాదు. ఉంటే ఒక్కరూ గడప తొక్కరు. పిచ్చి డాక్టరు దగ్గరికి పోయిండని తెలిస్తే ఆ ఇంట్లో పిల్లకు సంబంధం రాదు. అందుకని పేర్లు పెట్టి పిలవవద్దని నాకు మొదటిరోజే చెప్పింది. "ఎర్ర రుమాలాయన రాండ్రి, పచ్చ చీరామె రాండ్రి" అని పిలిచేదాన్ని. కొండగట్టు అంజన్న గుడిలో నిద్ర చేస్తామని వచ్చినవాళ్ళను ఆమె ఏనాడూ వద్దనలేదు. "వెళ్ళి రండి. తీర్థం తీసుకున్నాక ఈ మాత్ర కూడా వేసుకోండి" అనేది.

నాకు అక్షరాలు అప్పుడే వచ్చాయి. అప్పటికి నాకు మనవలు పుట్టారు. "మాత్ర ఎప్పుడు వేసుకోవాలో వాళ్ళు బయట నిన్నే అడుగుతారు. నువ్వు చదవలేకపోతే ఎలా?" అని కోప్పడి, మాత్రల కవర్ల మీద రాసే మాటలతోనే మొదలుపెట్టించింది. పొద్దున, పగలు, రాత్రి. ఈ మూడు మాటలు వచ్చాకే నా పేరు రాయడం నేర్చుకున్నాను.

రాజేశం సిరిసిల్ల నుంచి వచ్చేవాడు. మరమగ్గాల మీద పని. మొదటిసారి భార్య పద్మతో వచ్చి కుర్చీ అంచున కూర్చున్నాడు.

"నాకేం లేదమ్మా. మా బావకు నిద్ర పడ్తలేదు. బతుకు మీద మనసు లేదంటుండు."

డాక్టరమ్మ నవ్వలేదు. "మీ బావ అన్నం తింటున్నారా?" అని అడిగింది.

"ఏం తింటడమ్మా, ముట్టుకొని లేస్తడు."

బావ గురించి అడగాల్సినవన్నీ అడిగి, బావకని మాత్రలు రాసిచ్చింది. బయటికొచ్చాక పద్మ నా చెవిలో, "గా బావ ఈనేనే అవ్వా. నీకు ఎరుకైందా?" అన్నది. "కుర్చీకి సుత ఎరుకైంది బిడ్డా" అన్నాను. మాత్రలు పనిచేశాయి. నెల తిరిగేసరికి బావ బాగున్నాడమ్మా అని చెప్పడానికి వచ్చాడు. ఆ తరువాత బావ మాట మానేసి తన మాటే చెప్పుకోవడం మొదలుపెట్టాడు. అతని వెనక అదే వాడ నుంచి ఇంకా కొందరు వచ్చారు. వేములవాడ మీదుగా రెండు బస్సులు మారి, ఒకరోజు కూలి పోగొట్టుకుని వచ్చేవాళ్ళు. "డాక్టరు సిరిసిల్లలోనే ఉండాలి. వాళ్ళు ఇంత దూరం రావడమేమిటి?" అని ఆమె సంఘానికి ఎన్నోసార్లు రాసింది.

తెలంగాణ కొట్లాట జోరుగా ఉన్న రోజుల్లో ఒక నెల పత్రికలో ఆ కబురు వచ్చింది. సిరిసిల్లలో ఒక గది ఇచ్చి, సంఘం తరఫున ఒక మనోవైద్యుణ్ణి పెడతారట. ఇష్టమున్నవాళ్ళు పేరు పంపాలి. ఆమె చాయ్ తాగడం మరిచిపోయింది. "జగిత్యాల క్లినిక్ మూసేస్తాను. నువ్వు వస్తావా సిరిసిల్లకి?" అని అడిగింది. "మగ్గాల చప్పుడుల నాకు చెవులు వినపడయి. అయినా వస్త" అన్నాను.

రాస్తారోకోలతో హైదరాబాదు పోవడం కష్టమై, మన వైపు డాక్టర్లంతా ఎవరిని పెట్టాలో తేల్చడానికి కోరుట్లలో ఒక ఫంక్షన్ హాల్లో కలిశారు. డాక్టరమ్మ వెంట నేనూ పోయి వెనక కూర్చున్నాను. రెండే పేర్లు వచ్చాయి. ఒకటి ఈమెది, రెండోది అప్పుడే చదువు ముగించిన ధర్మపురి పిల్లగానిది. సంఘానికి పెద్దగా ఉన్న డాక్టరు ఇద్దరి పేర్లూ చదివాడో లేదో, ఆ పిల్లగాడు లేచి నిలబడ్డాడు.

"మేడం అంటే నాకు గౌరవమే సార్. కని బయట మన పోరగాండ్లు నౌకర్ల కోసం రోడ్ల మీద కూసున్నరు. మనకాడికి వచ్చిన ఒక్క అవకాశం సుత అక్కడోళ్ళకే ఇస్తే, మనం ఏం మొఖం పెట్టుకొని వాళ్ళ ముందటికి పోతం?"

ఆ మాటలో అబద్ధం లేదు. నేనూ తెలంగాణ కోసం టెంట్ల కింద కూర్చున్నదాన్నే. కానీ సిరిసిల్లను వదలకుండా ఉండేదెవరని ఆ హాల్లో ఒక్కరూ అడగలేదు. డాక్టరమ్మ లేచింది. పోట్లాడుతుంది అనుకున్నాను. "ఆయన అడిగింది న్యాయం. నా పేరు తీసేయండి" అని కూర్చుంది. అందరూ చప్పట్లు కొట్టారు.

తిరుగు దారిలో కారులో నేను ఊరుకోలేదు. "గదేంది డాక్టరమ్మా? నీ పేరు నువ్వే తీసేసుకుంటివి?"

"నా మూలంగా గొడవెందుకు మల్లవ్వా?"

"నీ గురించి ఎవలు కొట్లాడమన్నరు? సిరిసిల్ల గురించి కొట్లాడకపోతివి."

ఆమె కిటికీ వైపు తిరిగింది.

పిల్లగాడు సిరిసిల్లలో కొన్నాళ్ళు పనిచేశాడు. చెడ్డగా చేశాడని అనను. తరువాత హైదరాబాదులో మంచి ఉద్యోగం దొరికింది, పోయాడు. సంఘం పత్రికలో అతని ఫోటో వేసి అభినందనలు రాశారు. ఆ గదికి తాళం పడ్డదని మాత్రం ఎక్కడా రాయలేదు. డాక్టరమ్మ ఆ పేజీ వరకు నాకు చదివి చెప్పి, తరువాతి పేజీ తిప్పలేదు.

ఆ వెనకే తెలంగాణ కోసం సమ్మె వచ్చింది. బస్సులు ఆగిపోయాయి. ఒకరోజు పొద్దున పద్మ ఫోన్ చేసింది. రాజేశం మాత్రలు అయిపోయి చాలా రోజులైందట. చీటీ పాతదని మందుల దుకాణంవాడు ఇవ్వలేదట. "మల్ల గట్లనే మాట్లాడుతుండమ్మా" అని ఏడ్చింది. "ఆయన్ని ఒక్క క్షణం ఒంటరిగా వదలకు, నేను వస్తున్నాను" అని చెప్పి డాక్టరమ్మ మాత్రలు సంచిలో వేసుకుని కారు మాట్లాడింది. దారి పొడుగునా చెట్లు కొట్టి అడ్డం పడేశారు. ప్రతిచోటా నేను దిగి, "దవాఖాన పని బిడ్డా, ఇడువుండ్రి" అని బతిమాలాను. అందరూ వదిలారు, ఒక్కరూ తిట్టలేదు. అయినా మేము చేరేసరికి ఆ వాకిట్లో జనం గుమిగూడి ఉన్నారు. పద్మ నీళ్ళు తేవడానికి పోయి వచ్చేలోపే అంతా అయిపోయింది.

తాళం వేసిన ఆ గది వాళ్ళ వాడ చివరే ఉంది. తిరిగి వస్తూ దాని ముందు కారు ఆపించింది డాక్టరమ్మ. దిగలేదు. దాన్నే చూస్తూ, "ఆ రోజు నేను మంచిదాన్ని అనిపించుకున్నాను మల్లవ్వా" అంది. "లేని మొండితనమైనా తెచ్చుకోవాల్సింది." ఆమె చేయి పట్టుకున్నాను.

రాష్ట్రం వచ్చాక కొంతకాలానికి ఆమె క్లినిక్ మూసి తెనాలి పోయింది. ఎవరూ పొమ్మనలేదు. ఉండమని కూడా నేను తప్ప ఎవరూ అడగలేదు. అక్కడే కన్నుమూసిందని ఆమె చెల్లెలు ఫోన్ చేసి చెప్పింది.

పోయిన నెల రాయికల్‌లో మనసు జబ్బులకు ఉచిత శిబిరం పెట్టారు. కొత్తగా వచ్చిన డాక్టరమ్మ, చిన్న పిల్ల. మా వాళ్ళంతా ముందుగా ఏ ఊరు, ఎవరి బిడ్డవు అని చుట్టుముట్టారు. నేను కర్ర పొడుచుకుంటూ ముందుకు పోయాను.

"గవన్నీ తర్వాత చెప్పు గని, ఉంటవా బిడ్డా?"

"చూస్తానమ్మా" అంది నవ్వి.

"చూస్త అనుడు కాదు. ఉంట అను, లేకుంటే ఉండ అను. ఇక్కడ మాత్రలు నమ్మి ఏసుకునేటోళ్ళు ఉన్నరు."

ఆ పిల్ల నవ్వడం ఆపి, నా ముఖంలోకి చూసింది. మా వాళ్ళు నన్ను వెనక్కి లాగుతూ, ముసల్దానికి మర్యాద తెలియదన్నారు. తెలుసు. మర్యాద ఎంత పని చేస్తుందో కోరుట్లలో చూశాను. పిల్ల జవాబు చెప్పేదాకా అక్కడి నుంచి కదలలేదు.