వంకాయ, వాగుపిట్ట, స్కూటరు అద్దం

బోర్డులు రాసే పెయింటరుకు తన చేతి మీద ఉన్న నమ్మకం తన స్కూటరు బ్రేకుల మీద కూడా లేదు. ఊళ్లో ఏ దుకాణం పేరు చూసినా ఆయన కుంచె వంపే. అలాంటి ఆయనకు కొండవాగు వెంబడి వేసిన కాలిబాటకు బొమ్మల బోర్డులు వేసే పని తగిలింది. మొదటి బొమ్మ వాగుపిట్ట. పిడికెడు పిట్ట. బూడిద కలిసిన నీలం ఒళ్లు, ఇటుకరంగు తోక. హోరున దూకే నీళ్ల మధ్య బండ మీద వాలి, ఎగిరే పురుగుల్ని గాల్లోనే పట్టేస్తుంది. ఈ బొమ్మ నచ్చితేనే మిగతా బోర్డులు ఆయనవి. లేదంటే ఫ్లెక్సీలు కొట్టిస్తామని కాలిబాట ఆఫీసు మేడమ్ ముందే చెప్పేసింది.

బోర్డు నిలబెట్టగానే, వంతెన దగ్గర టీకొట్టు నడిపే బావమరిది వచ్చి చూశాడు.

"వంకాయ భలే వేశావు బావా. కాళ్లెందుకు పెట్టావు దానికి?"

"నీ కళ్లకి తిండి తప్ప ఇంకేం కనిపిస్తుందిరా? తన చోట ఇంకో మగపిట్ట వాలితే ఇది ఊరుకోదు. రేపు మేడమ్ ముందే నా బొమ్మ మీదికి ఎలా దూకుతుందో చూద్దువుగాని."

మర్నాడు మేడమ్ వచ్చేసరికి, బావమరిది పుణ్యమా అని టీ తాగేవాళ్లందరూ గ్లాసులతో సహా అక్కడే ఉన్నారు. పెయింటరు బోర్డు పక్కన స్కూటరు ఆపి, చొక్కా సర్దుకుని నిలబడ్డాడు. పిట్ట రానే వచ్చింది. బోర్డు అంచున వాలి, బొమ్మను ఎగాదిగా చూసి, సరిగ్గా దాని నెత్తిన రెట్ట వేసింది. ఆనక స్కూటరు మీదికి ఎగిరి, అద్దంలో కనిపించిన పిట్టతో కలబడింది.

"అద్దంలో బొమ్మ ఎవరు వేశారో కనుక్కో బావా. పనిమంతుడిలా ఉన్నాడు."

మేడమ్ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. పెయింటరు చెవులు వేడెక్కాయి. అయినా కదల్లేదు. అద్దం వైపే చూస్తూ గొంతుక్కూర్చున్నాడు. అద్దంలో పిట్ట తోకను విసనకర్రలా విప్పుతోంది, మూస్తోంది, మళ్లీ విప్పుతోంది. తను వేసిన తోకేమో మడిచిన గొడుగులా వేలాడుతోంది.

"సాయంత్రం దాకా ఆగండి మేడమ్."

"టీ బాగుంటే ఆగుతాను," అందామె.

ముందు రెట్ట తుడిచాడు. తర్వాత పాత తోక చెరిపేసి, ఇటుకరంగు మళ్లీ కలిపాడు. పొద్దు వాలేసరికి బొమ్మలో తోక విచ్చుకుంది, ఛాతీ ముందుకొచ్చింది.

"వంకాయ ఎగిరిపోయింది బావా," అన్నాడు బావమరిది, ఈసారి నెమ్మదిగా.

"మిగతావీ మీరే వేయండి," అంది మేడమ్.

ఇప్పుడు బాట పొడవునా ఆయన బొమ్మలే. పిట్ట మాత్రం ఇప్పటికీ స్కూటరు అద్దంతోనే పోట్లాడుతుంది. ఎవరైనా అడిగితే పెయింటరు చెప్పే కారణం ఒకటే. పాపం, దానికి చూపు ఆనదట.