ఊగని చక్రం

ఆమె నోరు జారింది ఒక్కసారే. కార్ఖానాలో రాళ్లు పట్టుకునే శ్రావణం వదులైందని, సన్న రాయి జారిపోతోందని, భోజనాల దగ్గర మాటవరసకు అంది. మర్నాడు సాయంత్రం భర్త తను నడిపే వ్యాను దిగుతూనే ఒక పొట్లం చేతిలో పెట్టాడు. కొత్త శ్రావణం. మొనలు వెంట్రుకను కూడా వదలవు.

"అక్కడికి తీసుకుపోకు. ఎవరో ఒకరు నొక్కేస్తారు. ఇంట్లోనే ఉంచుకో," అన్నాడు.

అలా మొదలైంది.

కార్ఖానా రెండు వీధుల అవతల, సైకిల్ దుకాణం పైన. రంగురాళ్లకు సాన పట్టి, దిద్దుల్లో, ఉంగరాల్లో పొదిగి నగల దుకాణాలకు ఇస్తారు. ఆమె పెళ్లికి ముందు నుంచీ అక్కడే. చెయ్యి తొందరపడదు గనుక అందరూ ఆమెను నిదానం అంటారు. ఆమె మెట్లెక్కుతుంటే పక్క బల్ల ఆవిడ పైనుంచి కేకేసేది.

"గడియారానికి చెప్పండర్రా, నిదానం వచ్చింది, ఇక తొందరేం లేదని."

అక్కడంతా దుమ్ము, రొద. చక్రాలు తిరుగుతున్నంతసేపూ ఎవరి మాటా ఎవరికీ వినపడదు. ఆగగానే అందరూ ఒకేసారి మాట్లాడతారు. ఎవరి కూతురు అలిగింది, ఎవరి మొగుడు గురకపెడతాడు, అన్నీ అక్కడే తేలేవి. ఆమె పెద్దగా మాట్లాడేది కాదు. వినేది. వింటూ ఇంటికి నడిచి వచ్చేది. ఆ నడకలో ఆమెను ఎవరూ ఏమీ అడగరు. ఇది ఇంట్లో చెప్పుకోవలసిన సంగతని ఆమెకెప్పుడూ తోచలేదు.

శ్రావణం తరువాత కంటికి తగిలించుకునే భూతద్దం వచ్చింది. ఆ తరువాత లోహం అరగదీసే ఆకురాళ్లు. రాయిని పుల్లకు అతికించే లక్క. చివరకు బల్ల. బల్ల ఎత్తు అత్తగారే కొలిపించింది, కోడలిని కుర్చీలో కూర్చోబెట్టి, మోచేతుల కింద తాడు పట్టి. వెనక గదిలోని పాత పెట్టెలు అటక ఎక్కాయి. ఆ గదికి ఒకే కిటికీ. తెరిస్తే పక్కింటి గోడ చేతికి తగులుతుంది.

"వెలుతురు చాలదేమో అత్తయ్యా."

"దీపం పెట్టిస్తాడులే. నీ మాట కింద పడనిస్తాడా వాడు? మీ మామగారు నాకు కనీసం సూది దారం కొనిపెట్టిన పాపాన పోలేదు."

భర్త నిజంగానే ఆమె మాట కింద పడనివ్వలేదు. మంచి లక్క ఎక్కడ దొరుకుతుందని అడిగితే ఆమే చెప్పింది. నాసిరకం ఆకురాయి తెస్తే ఆమే తిప్పి పంపింది. చెడ్డ సరుకు చూసి ఊరుకునే చెయ్యి కాదు అది. పనిముట్టు ఒకటి ఇల్లు చేరితే కార్ఖానాలో ఒక పని తగ్గింది. పొదగడం ఇంట్లోనే అయింది. మెరుగు పెట్టడం ఇంట్లోనే. రాళ్లు వ్యానులో వచ్చేవి, వ్యానులో పోయేవి.

మిగిలింది సాన పట్టడం. రాయికి పలకలు తీయాలంటే చక్రం ఉండాలి. అందుకని వారంలో ఏదో ఒక మధ్యాహ్నం ఆమె ఇంకా చెప్పులు వేసుకునేది.

అలాంటి ఒక మధ్యాహ్నం తిరిగి వచ్చేసరికి వెనక గదిలో చక్రం బిగించి ఉంది. భర్త చేతులకు గ్రీజు. అత్తగారు గుమ్మంలో నిలబడి నవ్వుతోంది.

"తిప్పి చూడు," అన్నాడు.

ఆమె మీట నొక్కింది. తిరిగే చక్రం అంచుకు పెన్సిలు మొన ఆనించింది. చక్రం ఊగేదైతే గీత ఒక పక్కనే పడి, రెండో పక్క తెగిపోతుంది. ఆపి చూసింది. గీత ఎక్కడా తెగలేదు. ఆమె దాన్ని బొటనవేలితో తుడిచేసింది.

"ఊగుతోంది," అంది.

అతని ముఖం చిన్నబోయింది. "ఎక్కడ?"

"మీకు కనపడదు. రాయికి తెలుస్తుంది."

అతను విప్పి తీసుకుపోయి మరొకటి తెచ్చాడు. ఈసారి ఆమె పెన్సిలు కూడా తీయలేదు. "ఇదీ అంతే," అంది.

"దాని సంగతి సరే," అంది అత్తగారు, "తల నీకే తిరుగుతోందేమో చూసుకో తల్లీ."

భర్త నవ్వలేదు. ఆదివారం నాడు కార్ఖానా మేస్త్రిని వెంటబెట్టుకొచ్చాడు. మేస్త్రి టీ వద్దన్నాడు. పెన్సిలు అడిగాడు. చక్రం తిప్పి, మొన ఆనించి, ఆపి, గీతను చుట్టూ చూశాడు. తరువాత ఆమెను చూశాడు. కిటికీని, దాని వెనక గోడను చూశాడు. భర్త గుమ్మంలో పరీక్ష ఫలితం కోసం వచ్చినవాడిలా నిలబడ్డాడు.

"చక్రం నిక్షేపంలా ఉంది," అన్నాడు మేస్త్రి. "మా దగ్గరిదే ముసలిది, ఊగుతుంది. ఆ ఊపుకు అలవాటు పడ్డ చేతికి తిన్నగా ఉన్నది తేడాగా తోస్తుంది. అమ్మాయి అబద్ధమేమీ చెప్పలేదు."

"మరి అలవాటు కావాలంటే?"

"నాలుగు రాళ్లు సాన పడితే అదే సర్దుకుంటుంది."

ఆమె అంది, "నేను అక్కడికే వస్తాను మేస్త్రిగారూ."

మేస్త్రి నేల చూశాడు. "నీ పక్క బల్ల ఆవిడ నీ చోటు అడిగిందమ్మా, గాలి బాగా వస్తుందని. సరే అన్నాను. నువ్వెలాగూ రావడం లేదు గదా."

భర్త ఆమె దగ్గరకు వచ్చాడు. కోపం లేదు అతనిలో. "ఏం తక్కువైందిక్కడ? చెప్పు. రేపే తెస్తాను."

తెస్తాడు. అందులో సందేహం లేదు. ఆమె గది చుట్టూ చూసింది. ప్రతి వస్తువూ ఆమె ఎంచినదే, ఆమె చేతి కొలతకు వచ్చినదే. తక్కువైనదాన్ని ఏ దుకాణంలో అడగాలో ఆమెకు తెలియలేదు.

"ఏం లేదు," అంది.

మేస్త్రిని దింపి రావడానికి భర్త వెళ్లాడు. అత్తగారు వంటింట్లోకి వెళ్లింది. ఆమె ఒక ఎర్రరాయి తీసి, లక్క వేడిచేసి పుల్లకు అతికించింది. మీట నొక్కింది. చెడగొడదామనే అనుకుంది. ఒక్క పలక వంకరపోతే చాలు, చక్రం ఊగుతోందని చూపించవచ్చు.

రాయి చక్రానికి ఆనింది. ఇన్నేళ్లలో ఎప్పుడూ అంత మెత్తగా ఆనలేదు. పాత చక్రం దగ్గర ప్రతి చుట్టుకూ మణికట్టు ఒక చిన్న దెబ్బ తినేది. ఇక్కడ అది లేదు. చెయ్యి తన దారిన తాను ముందుకు పోయింది. ఆపమని చెప్పుకుంది. అది వినలేదు.

ఎత్తి చూసింది. పలక అద్దంలా ఉంది. ఆమె పుల్లను తిప్పి రెండో పలక ఆనించింది.